నాయక్ అంటే నాయకుడు కాదు

రోడ్డు పక్కన లారీ ఆగి ఉంటే దాని ముందు టైర్ల వైపు చూడటం నాకు మా పెద్దబాపు నుంచి వచ్చిన అలవాటు. ఏటవాలు రోడ్డు మీద బండి ఆపినప్పుడు ముందు టైర్లు గట్టు వైపు తిప్పి ఉంచాలనేవాడు. అట్లా ఉంచితే బ్రేకు వదిలినా బండి జనం మీదికి పోదు, పక్కకే దొర్లుతుంది. మొన్న ఒక పని మీద వెళ్తుంటే శామీర్‌పేట దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. కిటికీలోంచి చూస్తే కంకర లారీ ఒకటి, టైర్లు చక్కగా గట్టు వైపు తిప్పి నిలబడి ఉంది. అలాంటి బండి కనిపిస్తే పెద్దబాపు ముఖం వెలిగిపోయేది. "బుద్ధి ఉన్నోడు నడుపుతుండు" అనేవాడు. టైర్లు నేరుగా ఉంటే మాత్రం ఆ డ్రైవర్ ఎక్కడ టీ తాగుతున్నా వెతికి పట్టుకుని నాలుగు మాటలు అని వచ్చేవాడు. ఆయనతో బండెక్కితే ఎక్కడికీ టైముకు చేరేవాళ్లం కాదు.

పోయిన చలికాలంలో ఆయన చనిపోయాడు. ఆయన గుర్తొస్తే నాకు ముందుగా ఏడుపు రాదు. సిగ్గు వస్తుంది. కొంత నా సిగ్గు, కొంత ఆయనది. రెండూ ఎప్పుడో కలిసిపోయాయి.

ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. మాది రావల్కోల్. మా బాపు వ్యవసాయం చూసుకునేవాడు, పెద్దబాపు పదిహేడేళ్లు మిలట్రీలో పనిచేసి పెన్షన్ మీద ఊరికి వచ్చి, తూంకుంటలో ఒక ప్రైవేటు బడి బస్సు నడిపేవాడు. ఊళ్లో అందరూ ఆయనను "సుబేదార్ సాబ్" అనేవాళ్లు. సిపాయిల మీద పెత్తనం చేసే పెద్ద హోదా అది. అంత హోదా చూసినవాడు పిల్లల బస్సు నడపడం ఊరివాళ్లకు వింతగా ఉండేది కాదు, గొప్పగా ఉండేది. "గంత పెద్ద నౌకరి జేశి గూడ ఖాలీగ గూసోడు సూడు" అని తమ కొడుకులకు చెప్పేవాళ్లు.

ఇంట్లో ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవాడు, పెద్దమ్మను ముట్టనిచ్చేవాడు కాదు. మోపెడ్ ఎక్కడ ఆపినా ముందు వెనక్కి తిప్పి, ముఖం రోడ్డు వైపు పెట్టి ఆపేవాడు. వాకిట్లో చెప్పులు విడిచినా అంతే, మడమలు ఇంటి వైపు, వేళ్లు వీధి వైపు. పెళ్లిళ్లలో వందల చెప్పుల మధ్య ఆయనవి వెంటనే గుర్తుపట్టేవాళ్లం. "వచ్చేటప్పుడే పోయేటందుకు తయారుగుండాలె" అనేవాడు. ఎక్కడికి పోవడానికో ఎవరూ అడగలేదు.

ఆగస్టు పదిహేనుకు ఊరి బడిలో జెండా ఎగరేసేది ఆయనే. ఆ పూట పొద్దున ఆయనకు కడుపు నొప్పి వచ్చేది. ఏటా వచ్చేది. పెద్దమ్మ వాము నీళ్లు కాచి ఇస్తూ, "సరిహద్దు మీద నిలవడ్డ మనిషి, జెండ తాడు గుంజనీకి భయపడుతుండు" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఆయన నవ్వకుండా నీళ్లు తాగి, బూట్లు తుడుచుకుని వెళ్లేవాడు. తాడు లాగి, సెల్యూట్ కొట్టి, మైకు చేతికిస్తే "జైహింద్" అని ఒక్క ముక్క అని ఇచ్చేసేవాడు.

నేను మిలట్రీ ఆఫీసర్ కావాలనే ఆశ ఆయన పెట్టిందే. నేను హైస్కూల్లో ఉండగా ఒకసారి ఆయన బడి బస్సులో శామీర్‌పేట దాకా వెళ్లాను. పిల్లలంతా దిగిపోయారు. నేను ముందుకొచ్చి ఆయన పక్కన కూర్చోబోతే వద్దన్నాడు.

"ఎనకకు పో బిడ్డా. ముంగట డ్రైవర్ గూసుంటడు, ఎనక ఆఫీసర్ గూసుంటది. నేను ఒక లేడీ మేజర్ సాబును తిప్పిన. డాక్టరామె. బండి దిగినంక గూడ నాకు థాంక్యూ జెప్పకుండ పోలె ఎన్నడు. నువ్వు గట్ల గావాలె."

అద్దంలో నన్ను చూస్తూ నడిపాడు. నేను వెనక సీట్లో బిగుసుకుని కూర్చున్నాను. మనసులో అప్పటికే మేజర్‌ని.

ఇంటర్ చివర్లో డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాశాను. అప్పటికి కొత్తగా ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారు. రాతపరీక్ష పాసయ్యాను. దాని తర్వాత భోపాల్‌లో ఐదు రోజుల ఇంటర్వ్యూ ఉంటుంది, అసలు వడపోత అదే. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరి చెవికీ ఎక్కలేదు. పెద్దబాపు హోటల్ దగ్గర అందరికీ మిర్చీలు తినిపించాడు. నేను భోపాల్ పోయేసరికి ఊరి దృష్టిలో ఆఫీసర్‌ని అయిపోయాను.

ఆ ఐదు రోజుల్లో మొదటి రోజు ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు, దాని మీద గుంపుగా మాట్లాడమంటారు. అక్కడే చాలామందిని పంపించేస్తారు. నన్నూ పంపించారు. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. పెట్టె విప్పనే లేదు. ఐదు రోజులకని అమ్మ కట్టిచ్చిన సకినాలు అలాగే ఉన్నాయి. రైల్లో ఒకటే ఆలోచన, ఇప్పుడు ఇంటికి పోతే మొదటి రోజే పోయిందని అందరికీ తెలిసిపోతుంది. అల్వాల్‌లో స్నేహితురాలి గదిలో నాలుగు రోజులు దాక్కుని, ఐదు రోజులూ ఉండి వచ్చినట్టు ఊరికి పోవాలనుకున్నాను. సికింద్రాబాద్‌లో దిగి ప్లాట్‌ఫామ్ మీద నడుస్తుంటే ఎదురుగా పెద్దబాపు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీళ్ల సీసా.

"నీకెవ్వలు జెప్పిండ్రు?" అన్నాను.

"ఎవ్వలు జెప్పలె. ఇయ్యాల్ల రాకుంటే మంచిదే అనుకుంట వచ్చిన. వస్తే ఒక్కదానివి ఉండొద్దని వచ్చిన." పెట్టె నా చేతిలోంచి తీసుకున్నాడు. "నేను గసొంటి సెంటర్ల రెండేండ్లు బండి నడిపిన బిడ్డా. వాపస్ పంపినోల్లను టేషన్ల దించే లారీ నాదే. ఎనక ముప్పై మంది కూసుంటరు. ఒక్క సప్పుడు రాదు. నాకెర్క గా సప్పుడు లేకపోవుడు."

బయట టీ ఇప్పించాడు. తాగలేకపోయాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చాక అమ్మా బాపు ముందు మాత్రం ఒక్కటే మాట అన్నాడు. "ఈసారి కాలె. మల్ల రాస్తది." మళ్లీ రాస్తానని నేను ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు మేడ్చల్ దగ్గర ఇంజనీరింగ్‌లో చేరాను. అక్కడ ఎవరికీ భోపాల్ సంగతి చెప్పలేదు. అప్లికేషన్ మళ్లీ పెట్టినట్టు కూడా చెప్పలేదు. పొద్దున పరుగు తీసి, స్నానం చేసి కాలేజీ బస్సెక్కితే తోటి ఆడపిల్లలు "ఏందే, గిన్నిగనం నల్లగైనవ్?" అనేవాళ్లు. పొలం పని అని చెప్పేదాన్ని. నిజం చెప్తే రేపు మళ్లీ పోయిందని కూడా చెప్పాల్సి వస్తుంది గదా.

ఇంటర్వ్యూకు తయారుచేయడం పెద్దబాపు తన మీద వేసుకున్నాడు. ఆదివారాలు వాకిట్లో కుర్చీ వేసుకుని ఆఫీసర్‌లాగా కూర్చునేవాడు. నేను తలుపు తట్టినట్టు గాలిలో తట్టి, లోపలికి వచ్చినట్టు రెండడుగులు వేసి నిలబడాలి. "టెల్ మీ అబౌట్ ఫ్యామిలీ" అనేవాడు, గొంతు మార్చి. నాకు వచ్చిన ఇంగ్లీషులో బాపు గురించి, అమ్మ గురించి చెప్పి, "మా పెద్దనాన్న రిటైర్డ్ సుబేదార్" అనేదాన్ని. అక్కడికి రాగానే ఆయన పక్కకు తిరిగి దగ్గేవాడు.

"గది అంత గట్టిగ జెప్పకు. ముంగటికి పో."

"ఎందుకు? మస్తు పనికొస్తది గద."

"ముంగటికి పో అన్న గద."

వినయం అనుకున్నాను.

రెండోసారి మొదటి రోజు గండం గడిచింది. ఐదు రోజులూ ఉన్నాను. ఇంటర్వ్యూలో నెరిసిన మీసాల ఆఫీసర్ ఒకాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి, మీ ఇంట్లో సైన్యంలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. కాచుకుని ఉన్న ప్రశ్న. మా పెద్దనాన్న సుబేదార్‌గా రిటైరయ్యారని, పదిహేడేళ్లు పనిచేశారని, లారీలు నడిపేవారని చెప్పాను. ఆయన చేతిలోని కలం ఆగింది.

"పదిహేడేళ్లలో సుబేదార్ అయ్యారా? చాలా సమర్థుడై ఉండాలి" అన్నాడు.

"అవును సార్" అన్నాను, ఛాతీ పొంగి.

ఆయన చిన్నగా నవ్వి, చదువు గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. దయ ఉంది. నాకు అదే గుచ్చుకుంది. రాత్రి తోటి అమ్మాయి ఒకామెను అడిగాను, వాళ్ల నాన్న సైన్యంలోనే ఉన్నాడు. సుబేదార్ కావడానికి మామూలుగా ఎన్నేళ్లు పడుతుందని. పాతికేళ్ల దాకా పడుతుందని ఆమె చెప్పింది.

చివరి రోజు ఎంపికైనవాళ్ల నంబర్లు పిలిచారు, వాటిలో నాది లేదు.

పెద్దబాపు మళ్లీ స్టేషన్‌కు వచ్చాడు. మోపెడ్ వెనక కూర్చున్నాను. తూంకుంట దాటాక ఆపమన్నాను. ఆయన అలవాటుగా బండి తిప్పి, రోడ్డు వైపు ముఖం పెట్టి ఆపాడు. ఎలా అడగాలో తెలియలేదు. "నువ్వు సుబేదార్‌వేనా?" అనేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న మనిషిలాగా కిందికి చూశాడు.

"అడిగిండ్రా?"

"అడిగిండ్రు."

"నాయక్‌ను బిడ్డా. నాయక్ అంటే సిపాయి మీద గింతంత. దాని మీద హవల్దార్, దాని మీద నాయబ్ సుబేదార్, గప్పుడు సుబేదార్." ఆయన చేతితో గాలిలో మెట్లు చూపించాడు. తన మెట్టు మోకాలి దగ్గర ఉంది. "హవల్దార్‌కు పరీచ్చ వెట్టిండ్రు. మ్యాపు ఇచ్చి తొవ్వ వట్టుకొని రమ్మన్నరు. నేను తప్పిపోయిన. డ్రైవర్‌ను, తొవ్వ తప్పిన. నా ఎనకొచ్చిన పోరగాండ్లంత పాసైండ్రు. మల్ల రాయమన్నరు. సిగ్గయింది, రాయలె. పించన్ దీస్కొని వచ్చిన."

"మరి సుబేదార్ అని ఎందుకు జెప్పినవ్?"

"నేను జెప్పలె. వచ్చిన యేడు ఆగస్టు పదిహేనుకు సర్పంచి మైకుల సుబేదార్ అన్నడు. గాయినకు మిలట్రీల గదొక్క పేరే తెలుసు. కాదని అందామని లేశిన. గప్పటికే జనగణమన షురువైంది. పాట అయినంక జెప్తే అయిపోతుండె. చెప్పలె. గాడికెల్లి యేటా..." అని కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది, వాము నీళ్ల సంగతి.

"నీ నౌకరి నా అబద్ధంతోని వోయింది" అన్నాడు.

కాదన్నాను. గ్రూపు పనుల్లో నేనే సరిగ్గా మాట్లాడలేదని, నలుగురిలో గొంతు పెగల్లేదని, అక్కడ ఒక్క మాట మీద ఎవరినీ తీసేయరని చెప్పాను. అన్నీ నిజాలే. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు. నేను చెప్పే ప్రతి కారణమూ ఆయనకు నేను జాలి పడుతున్నట్టే వినిపించింది. ఇంటిదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఆయన లారీలో వెనక నుంచి సప్పుడు రాకపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

రెండు మూడు రోజులకు సాయంత్రం నన్ను పిలిచాడు. "హోటల్ కాడికి పోదాం రా." ఎందుకో చెప్పలేదు. ఊరి హోటల్ అంటే రేకుల కింద రెండు బెంచీలు, ఒక టీ పొయ్యి. పొలాల నుంచి వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. పెద్దబాపు బెంచీ మీద కూర్చోలేదు. నిలబడి, చేతులు రెండూ పక్కలకు ఆనించుకున్నాడు.

"ఒక మాట జెప్పాలె. నేను సుబేదార్ గాదు. నాయక్ గనే రిటైరైన. ఇన్నేండ్లు మీరంటుంటే సప్పుడు చెయ్యలె. తప్పే."

హోటలాయన గరిటె పక్కన పెట్టి, "అరె, నాయక్ అంటే నాయకుడే గదా సాబ్. గది సుబేదార్ కంటే పెద్దది. మాకు తెల్వక చిన్న జేశి విలిచినం" అన్నాడు.

"నాయక్ సాబ్! సూడు, గింత పెద్ద మనిషై ఇన్నొద్దులు జెప్పనే లేదు" అని ఒక ముసలాయన లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇంకొకరు టీ చెప్పారు.

పెద్దబాపు ముఖం ఎర్రబడింది. "నాయకుడు గాదు! సిన్నది. సుబేదార్ కింద నాయబ్, గాయిన కింద హవల్దార్, గాయిన కింద నేను. నా కింద సిపాయిలు తప్ప ఎవ్వలు లేరు. పరీచ్చ ఫెయిలైన నేను. ఫెయిలై, సిగ్గుతోని వాపసొచ్చిన." తానెంత చిన్నవాడో నమ్మించడానికి ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది. మెట్టు మెట్టుగా చేతితో చూపిస్తూ కిందికి వంగాడు. మెల్లగా వాళ్లకు అర్థమైంది. పట్టుకున్న చేతిని ముసలాయన వదిలేశాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"ఎందుకు జెప్పినవ్ గిప్పుడు?" అని తిరిగి వస్తూ కోపంగానే అడిగాను.

"నువ్వు మల్ల పోతవ్ గద. మల్ల అడుగుతరు. ఆడ నాయక్ అని జెప్పి, ఊర్ల సుబేదార్ బిడ్డగా తిరుగుతవా? ఆడొకటి ఈడొకటి ఉంటే మనిషికి నిద్రవట్టది. నాకెర్క."

మళ్లీ పోతానని ఆయనే నిర్ణయించేశాడు. నాకు ఇంకొక్క అవకాశమే ఉంది, ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

ఊళ్లో ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అదే కష్టమైంది. "సుబేదార్ సాబ్" పోయింది, దాని స్థానంలో ఏం పిలవాలో తెలియక కొంతమంది అసలు పిలవడమే మానేశారు. ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేయడానికి కొత్తగా స్థలం కొనుక్కున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయనను పిలిచారు. పెద్దబాపుకు కబురు రాలేదు. అయినా చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. పిల్లల తల్లిదండ్రుల వెనక, గోడ పక్కన నిలబడి జనగణమనకు అటెన్షన్‌లో నిలుచున్నాడు. బ్యాంకాయన జెండా ముడి సరిగ్గా విప్పలేక ఇబ్బంది పడుతుంటే పెద్దబాపు వేళ్లు కదిలాయి, కానీ అడుగు ముందుకు వేయలేదు. ఆ వేళ్లను చూడలేక నేను పక్కకు తిరిగాను. ఆయనకున్నది ఆ ఒక్క రోజే. దాన్ని నా కోసం ఇచ్చేశాడు.

మూడోసారి భోపాల్ వెళ్లాను. ఇంటర్వ్యూ చేసింది వేరే ఆఫీసర్. ఇంటి సంగతి అడిగినప్పుడు, మా పెద్దనాన్న నాయక్‌గా రిటైరయ్యారని, లారీ డ్రైవరని చెప్పాను. హవల్దార్ ఎందుకు కాలేదని అడిగాడు.

"ఒకసారి పరీక్ష తప్పారు సార్. మళ్లీ రాయలేదు."

"అందుకని నువ్వు మళ్లీ మళ్లీ రాస్తున్నావా?"

"అవును సార్" అన్నాను. అనేదాకా నాకూ తెలియదు.

ఈసారి కూడా నా నంబర్ పిలవలేదు. ఏ రైలుకు వస్తున్నానో ఇంటికి చెప్పలేదు. మేడ్చల్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పట్టపగలే ఊళ్లో దిగాను. పెద్దబాపు పెరట్లో బర్రెల తొట్టికి నీళ్లు పడుతున్నాడు. నన్ను చూసి పైపు కింద పడేసి గబగబా వచ్చాడు.

"అడిగిండ్రా నన్ను?"

"అడిగిండ్రు పెద్దబాపు."

"ఏం జెప్పినవ్?"

"నాయక్ అని జెప్పిన. పరీచ్చ తప్పినవని గూడ జెప్పిన."

"సారు నవ్విండా?"

"నవ్వలె."

ఆయన పెద్ద ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. ముఖంలోకి ఒక చిన్న నవ్వు వస్తూ వస్తూ ఆగిపోయింది. నా చేతిలోని పెట్టె వైపు చూశాడు.

"అయ్యో, నీదేమాయెనో అడగనే లేదు నేను."

"కాలె" అన్నాను.

భుజం మీది టవల్ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడవలేదనుకుంటాను. ముందు తన సంగతి అడిగినందుకు ముఖం చూపించలేకపోయాడు. పైపులోంచి నీళ్లు మా ఇద్దరి కాళ్ల కిందికి వస్తున్నాయి. ఎవరమూ ఆపలేదు.

"డిగ్రీ అయినంక ఇంకో తొవ్వ ఉంటదంట గద?" అన్నాడు టవల్ వెనక నుంచే.

"ఉంటది."

"రాస్తవా?"

"రాస్త" అన్నాను. టవల్ తీస్తాడని అన్నాను. నిజంగా రాయాలని అప్పుడు లేదు.

ఇప్పుడు నాది చివరి సంవత్సరం. డిగ్రీ వాళ్ల పరీక్షకు ఈమధ్యే దరఖాస్తు పెట్టాను. ఈసారి కాలేజీలో అందరికీ ముందే చెప్పాను. ఊళ్లో కూడా చెప్పాలని ఒక సాయంత్రం హోటల్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లి, టీ చెప్పి, బెంచీ మీద కూర్చుని చెప్పాను.

"మల్లనా?" అన్నాడు హోటలాయన.

"మల్లనే" అన్నాను.

ఎవరో వెనక నుంచి నవ్వారు. చెవులు వేడెక్కాయి. టీ కూడా బాగా వేడిగా ఉంది. లేచి వచ్చేయకుండా, చల్లారేదాకా ఊదుకుంటూ అక్కడే కూర్చుని మొత్తం తాగాను.